పిలవని చోట పాట ఎత్తుకోవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరం బాగా పొడుగ్గా ఉంది. పేరూ, ఊరూ, కాలేజీ ఏదీ బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవన్నీ తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

రాసినావిడకి 44 ఏళ్లు. కాలేజీలో ఉన్న నాలుగేళ్లూ అక్కడి క్వయర్‌లో, అంటే బృందగానం పాడే జట్టులో, ఆల్టో (ఆడవాళ్ల గొంతుల్లో కింది గొంతు) పాడారు. బయటికొచ్చి 22 ఏళ్లయింది. ఏటా డిసెంబర్‌లో సెలవులకి ముందు ఆ క్వయర్ ఇచ్చే క్రిస్మస్ కాన్సర్ట్‌కి ఈ 22 ఏళ్లలో పదిహేడుసార్లు వెళ్లారు. మానేసింది అయిదుసార్లు, అందులో రెండు కాన్పులు. ఎప్పుడూ ఎడమవైపు ఆరో వరసలోనే కూర్చుంటారట, ఎందుకంటే వేదిక మీద ఆల్టోలు నిలబడేది అటువైపే.

ఆ కాన్సర్ట్‌లో ఒక ఆనవాయితీ ఉండేది. చివరి పాటకి డైరెక్టర్ వెనక్కి తిరిగి ప్రేక్షకుల వైపు చెయ్యి ఊపగానే పాత విద్యార్థులంతా లేచి వేదికెక్కి, ఇప్పటి పిల్లల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరి, అందరూ కలిసి పాడేవారు. ఆ పాట ఆల్టోలతోనే మొదలవుతుంది. మొదటి పావు నిమిషం ఇంకెవరూ నోరు విప్పరు.

రెండేళ్ల క్రితం పాత డైరెక్టర్ రిటైరయ్యారు. కొత్తగా వచ్చినావిడ మొదటి ఏడాది దేన్నీ ముట్టుకోలేదు. నిరుడు ఆ పాటని చివర్నుంచి మధ్యలోకి జరిపారు. ఈ ఏడాది పాటే లేదు. చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి సొంతంగా కట్టిన పాటతో కార్యక్రమం ముగుస్తుంది. ఆహ్వానం అడుగున "ప్రేక్షకులు వేదిక మీదికి రావద్దని మనవి" అని ఒక లైను కూడా.

పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. చివరికి తేలిన ప్లాన్ ఏమిటంటే, ఆఖరి పాట అయిపోగానే, ఇంకా ఎవరూ లేవకముందే, హాల్లో అక్కడక్కడా కూర్చున్న పాతవాళ్లు లేచి ఆ పాత పాట ఎత్తుకోవాలి. పదకొండు మంది సిద్ధం. ఏడుగురు సొప్రానోలు (ఆడవాళ్ల పై గొంతు), ఇద్దరు ఆల్టోలు, ఇద్దరు టెనర్లు (మగవాళ్ల పై గొంతు). ఆల్టోలతో మొదలయ్యే పాట కాబట్టి "నువ్వే ఎత్తుకోవాలి" అని అందరూ ఈవిడ మీద పడ్డారు.

చిక్కేమిటంటే ఇప్పటి క్వయర్‌లో ఈవిడ మేనకోడలు పాడుతోంది. "చివరి పాట చాలా మెల్లగా, గాలిలో కలిసిపోయినట్టు ఆగిపోతుంది అత్తా, ఆ తర్వాత కాసేపు చప్పట్లు కొట్టొద్దని మేడమ్ ముందే చెప్తారు" అని సంబరంగా చెప్పిందట. అదే పిల్ల నిరుడు ఇంకో మాట కూడా అంది. "మీ బ్యాచ్ వాళ్లు అంత ముందు కూర్చుని మాతోపాటు పెదాలు కదుపుతుంటే మాకు ఎంత టెన్షన్‌గా ఉంటుందో తెలుసా?" భర్తేమో "ఇంకెన్నాళ్లు ఆ కాలేజీ?" అంటాడు. కాన్సర్ట్ ఇంకా మూడు వారాలుంది. పాడాలా, మానాలా, మేనకోడలికి చెప్పాలా, అసలు వెళ్లాలా, నాకేమన్నా అయిందా అని అయిదు ప్రశ్నలు అడిగారు.

చివరిదే ముందు చూద్దాం, అది చిన్నది కాబట్టి. మీకేమీ కాలేదు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి సొంత ఊరి మీద బెంగకి "నోస్టాల్జియా" అని పేరు పెట్టి, దాన్ని నిజంగానే ఒక జబ్బుగా రాశాడు. ఇప్పుడెవరూ దాన్ని జబ్బనరు. పద్దెనిమిది, ఇరవై ఏళ్లప్పుడు నేర్చుకున్న పాటలు మిగతా వయసుల్లో విన్నవాటికంటే గట్టిగా పట్టుకుని ఉండటం కూడా అందరికీ జరిగేదే. మీ ఆయనకి కూడా ఆ వయసునాటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది, మెల్లగా కదిపి చూడండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చోటు చెబుతాను. మూడో పేజీలో, మేనకోడలి సంగతికీ గ్రూపు గొడవకీ మధ్య, మీరు మామూలుగా రాసేసిన వాక్యం. "గిన్నెలు కడిగేటప్పుడు ఆ పాట ఎత్తుకుంటాను, మా భాగం అయిపోయాక మిగతావాళ్లు అందుకోవాల్సిన చోట ఆగిపోతాను, కుళాయి చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది." అది చదివి నేను ఉత్తరం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

సొప్రానో పాడినవాళ్లకి ఈ బాధ తెలియదండీ. వాళ్ల చేతిలో పాట వరస ఉంటుంది. కాలేజీ వదిలిన ముప్ఫై ఏళ్లకి కూడా బట్టలు ఆరేస్తూ పాడుకోవచ్చు, విన్నవాళ్లు "ఓ, ఆ పాటా" అని గుర్తుపడతారు. ఆల్టో అలా కాదు. మీ వరసని విడిగా పాడితే రెండు మూడు స్వరాల చుట్టూ తిరుగుతూ, ఒకే స్వరం మీద నాలుగేసి మాటలు నిలబడుతూ, పక్కింటివాళ్లకి ఏదో సణుగుతున్నట్టు ఉంటుంది. పైన సొప్రానో, కింద టెనర్, అడుగున బేస్ (మగవాళ్ల కింది గొంతు) ఉంటేనే అది పాట. చిన్నప్పుడు ఓ నాలుగేళ్లు నేనూ బడి క్వయర్‌లో రెండో వరసలో నిలబడ్డాను. మా ఇంట్లో వాళ్లు నా ప్రాక్టీసు విని "నీకు పాట రాలేదే" అనేవారు. పాట వచ్చు, దాని పొట్టలో ముక్క మాత్రమే వచ్చు.

కాబట్టి మీ స్నేహితురాళ్లలో సగం మందికి పోయింది ఒక ఆనవాయితీ. మీకు పోయింది ఆ పాటని పాటగా పాడగలిగే ఒకే ఒక్క చోటు. ఏడాదికి ఒక్కసారి, నాలుగైదు నిమిషాలు. మీ కోపం మిగతావాళ్ల కోపం కంటే వేరుగా ఉందని మీకే అనుమానం వచ్చి నాకు రాశారని నా ఊహ.

దీన్ని పిచ్చి అనుకోవద్దు. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు టీనేజీ పిల్లల చేత కలిసి పాడించి గుండె వేగం కొలిస్తే, పాట సాగుతున్నకొద్దీ అందరి గుండెల వేగం ఒకేసారి పెరుగుతూ, ఒకేసారి తగ్గుతూ కనిపించింది. కారణం పెద్ద మర్మమేమీ కాదు. పాటలోని వాక్యాలు ఊపిరి ఎప్పుడు తీయాలో ఎప్పుడు వదలాలో నిర్ణయిస్తాయి, ఊపిరి వెంట గుండె నడుస్తుంది. ఆరో వరసలో కూర్చుని వినేవాళ్లకి అది దొరకదు. మీరు పెదాలు కదుపుతున్నది అందుకే, పిల్లల తప్పులు లెక్కపెట్టడానికి కాదు. అయితే వేదిక మీద నిలబడ్డ పందొమ్మిదేళ్ల పిల్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

సరే, ప్లాన్ సంగతి.

మీరు ఎత్తుకున్నారనే అనుకుందాం. చివరి పాట ఆగింది. చప్పట్లు కొట్టొద్దన్నారు కాబట్టి హాలంతా నిశ్శబ్దం. మీ వాళ్లకి అది మంచి అదును. కానీ ఆ నిశ్శబ్దం కూడా ఆ పాటలో భాగమే, ఆ విద్యార్థి కట్టుకున్న పాటకి అదే చివరి మెట్టు. సొంత పాటని మొదటిసారి హాలు నిండా జనం ముందు వినిపించి ఊపిరి బిగబట్టి నిలబడ్డ పిల్ల, లేదా పిల్లాడు. సరిగ్గా అక్కడ ఆరో వరసలోంచి మీ గొంతు లేస్తుంది. పిలవని పేరంటం అంటారే, ఇది అంతకంటే ఒక మెట్టు ఎక్కువ, పేరంటానికి వెళ్లి వాళ్ల తాంబూలం మనం పంచినట్టు. మీకు పావు నిమిషం ఆనందం ఉంటుంది, కాదనను. ఆ తర్వాత మీ మేనకోడలు రేపట్నుంచి తన క్వయర్‌లో "ఆవిడ మీ అత్తేనట కదా" అనిపించుకుంటూ తిరగాలి. కొత్త డైరెక్టర్ ఇప్పటిదాకా మెత్తగా "మనవి" అని రాశారు, వచ్చే ఏడాది పాత విద్యార్థులకి ఆహ్వానమే రాకపోవచ్చు.

మర్యాద సంగతి అలా ఉంచి, పాటగా కూడా అది నిలబడదు. ధ్వని గాలిలో సెకనుకి 340 మీటర్ల చొప్పున వెళుతుంది. ముందు వరసలో ఒకరు, బాల్కనీలో ఒకరు, మధ్య 34 మీటర్లు ఉందనుకోండి, ఒకరి గొంతు ఇంకొకరికి చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. వినడానికి తక్కువే, కానీ ముందు చెయ్యి ఊపే మనిషి లేకుండా, చెవిని నమ్ముకుని పాడేవాళ్లని చిందరవందర చేయడానికి అది చాలు. పైగా మీరు రాసిన లెక్క చూడండి: ఏడుగురు సొప్రానోలు, ఇద్దరు ఆల్టోలు, ఇద్దరు టెనర్లు, బేస్ సున్నా! ఇరవై ఏళ్లుగా ఆ పాట కోసం ఎదురుచూసి, చివరికి అడుగు లేని కుండలో నీళ్లు పోస్తారా? రిహార్సల్ అయినా అనుకున్నారా అంటే అదీ ఉత్తరంలో లేదు.

మీరు తప్పుకుంటే ఏమవుతుంది? రెండో ఆల్టో మీద పడతారు, లేదా సొప్రానోల్లో ఎవరో ధైర్యం చేసి రెండు స్వరాలు పైన ఎత్తుకుంటారు. గొడవ జరగనే జరుగుతుంది, మీరు తలదించుకుని కూర్చుంటారు. కాబట్టి ఊరికే తప్పుకోవడం ఒక్కటే చాలదని నాకనిపిస్తుంది. "నేను ఎత్తుకోను, మీరూ వద్దు, ఎందుకంటే ఇదీ" అని గ్రూపులో సూటిగా రాయాలి. ఆ చివరి నిశ్శబ్దం సంగతి మీ మేనకోడలి ద్వారా మీకు తెలుసు గానీ, మిగతా పదిమందికి తెలియకపోవచ్చు. తెలిస్తే సగం మంది వాళ్లంతట వాళ్లే చల్లబడతారు, వాళ్లూ ఒకప్పుడు ఆ వేదిక మీద నిలబడ్డవాళ్లే కదా. ఇద్దరు ముగ్గురు "నువ్వూ అటే చేరావా" అంటారు. ఆ మాట పడాల్సిందే, దానికి మందు లేదు.

గ్రూపు వినకపోతే డైరెక్టర్‌కి ముందే చెప్పేయడం మరో దారి. కార్యక్రమం బతుకుతుంది, స్నేహాలు కొన్ని పోతాయి. నేనైతే దాన్ని ఆఖరి రోజు దాకా అట్టిపెడతాను. మేనకోడలికి మాత్రం ఇప్పుడు చెప్పకండి. చెబితే ఆ పిల్ల మూడు వారాలు రిహార్సల్లో నిలబడి, ఈ రహస్యాన్ని మోస్తూ, చివరి పాట మీద కాకుండా మీ వరస మీద కళ్లు పెట్టి పాడుతుంది. పెద్దవాళ్ల పంచాయతీ దాని నెత్తిన ఎందుకు?

ఇక మీ గ్రూపులో అందరూ పట్టుకున్న మాట, "సంప్రదాయం". ఇక్కడ మీరు మీకు తెలియకుండానే నాకో తాళంచెవి ఇచ్చారు. మీరు చేరడానికి మూడేళ్ల ముందే ఆ ఆనవాయితీ మొదలైందని మీ పాత మాస్టారు చెప్పేవారని రాశారు. అంటే ఆయనా ఒకప్పుడు కొత్తగా వచ్చిన డైరెక్టరే. ఆయన రాకముందు ఆ కాన్సర్ట్ ఇంకేదో పాటతో ముగిసి ఉంటుంది. మీరు మొదటి ఏడాది ఉత్సాహంగా పావు నిమిషం పాడుతున్నప్పుడు, హాల్లో ఎక్కడో ఒక పాత విద్యార్థిని మూతి బిగించి కూర్చుని "మా పాట తీసేసి ఇదేమిటి" అనుకునే ఉంటుంది. ఆవిడ లేచి తన పాట ఎత్తుకోలేదు, మీ అదృష్టం.

క్రిస్మస్ పాటల సంప్రదాయాలన్నీ దగ్గరికెళ్లి చూస్తే ఇంతే. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో క్రిస్మస్ ముందురోజు జరిగే ఆరాధన 1918లో మొదలైంది, మరుసటి ఏడాదే కార్యక్రమం క్రమం మార్చారు, ఇప్పుడు అందరూ అనాదిగా ఉందనుకునే ఆ మొదటి పాట 1919 నుంచే మొదటి పాట. అంత పాతదాన్ని పట్టుకుని వేలాడే చోట కూడా 1983 నుంచి ఏటా ఒక కొత్త క్యారల్ రాయించి పాడిస్తున్నారు. హాండెల్ అనే సంగీతకర్త కట్టిన పెద్ద బృందగానం "మెస్సయ్య" సంగతైతే మరీ చోద్యం, అది మొదట వినిపించింది డబ్లిన్‌లో, 1742 ఏప్రిల్ 13న. ఎండలు మొదలయ్యే నెలలో పుట్టి, డిసెంబర్ సొత్తయి కూర్చుంది. కాబట్టి విద్యార్థి కట్టిన పాటతో ముగించడం సంప్రదాయాన్ని తెంచడమని నేననుకోను. పాత విద్యార్థుల్ని ఆ లైనుతో ఆపిన తీరు మాత్రం నాకూ నచ్చలేదు. ఆ పని ఒక ఫోనుతోనో, నాలుగు మంచి మాటలతోనో చేసుండొచ్చు. ఆవిడ పొరపాటు ఏదైనా ఉంటే అది.

ఆవిడకి ఉత్తరం రాయొచ్చా అంటే, రాయండి. ఫిర్యాదు మాత్రం కాదు. ఈపాటికి అందరి దగ్గర్నుంచీ ఫిర్యాదులు వెళ్లే ఉంటాయి, పదకొండోదాన్ని ఎవరూ చదవరు. కార్యక్రమం మార్చమని అడగకండి, మూడు వారాల ముందు ఎవరూ మార్చరు. చిన్న కోరిక ఒకటి అడగండి, ఆవిడ అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పగలిగేది. ఇలా రాయొచ్చు: "కాన్సర్ట్ అయి జనం వెళ్లాక మేం పాత విద్యార్థులం కొందరం రిహార్సల్ గదిలో పది నిమిషాలు ఆ పాట పాడుకోవచ్చా? ఇప్పటి పిల్లలు ఎవరైనా కలిసినా సంతోషమే, లేకపోయినా మేం పాడుకుంటాం." ఒప్పుకుంటే మీ పాట మీకు దొరికింది, ఎవరి నిశ్శబ్దమూ చెడలేదు. కాదంటే ఆ రాత్రికి కాదు, అంతే. బయట మెట్ల మీద నిలబడి పాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాకపోతే చలికి గొంతు పట్టేస్తుంది.

ఈ ఏడాది వెళ్లకుండా ఉండటం కూడా ఒక దారే. మీకు కోపం ఇంకా పచ్చిగా ఉంటే అదే మంచిది కూడా. కానీ మేనకోడలు పాడుతోంది, ఆ పిల్ల చివరి పాట గురించి మీకు చెప్పిన తీరు చూస్తే మీరు రావాలనే ఉన్నట్టుంది. వెళ్తే ఆరో వరస వదిలేయండి. వెనక, కుడివైపు, పిల్లల కళ్లకి ఆనని చోట కూర్చోండి. అక్కడ ఎంత పెదాలు కదిపినా అడిగేవాళ్లుండరు. ఆ కొత్త పాటలో ఆల్టోలకి ఏమిచ్చారో వినండి. కొత్తగా పాటలు కట్టే పిల్లలు ఒక్కోసారి ఆల్టోలకి చాలా మంచి ముక్కలిస్తారు, పాత పెద్దమనుషుల కంటే.

మీరు అడగనిది ఒకటుంది. 22 ఏళ్లుగా మీరు ఇంకే క్వయర్‌లోనూ ఎందుకు పాడలేదు? ఉద్యోగం, పిల్లలు అని నాకు తెలుసు, కానీ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లే అని మీరే రాశారు. పరీక్ష పెట్టకుండా చేర్చుకునే క్వయర్లు ఉంటాయి, ఆల్టోలంటే వాళ్లకి ప్రాణం, ఎందుకంటే వచ్చేవాళ్లంతా సొప్రానోలే. "మెస్సయ్య"ని ప్రేక్షకులే పాడే కార్యక్రమాలు కూడా డిసెంబర్‌లో చాలాచోట్ల జరుగుతాయి, నోట్స్ పుస్తకం తెచ్చుకుని ఆల్టోలు ఆల్టోల దగ్గర, బేస్‌లు బేస్‌ల దగ్గర కూర్చుని పాడటమే. మీలాంటివాళ్ల కోసమే పెట్టారేమో అనిపిస్తుంది. గొంతు గురించి భయపడకండి. ముందు పోయేది ఊపిరి, గొంతు కాదు, రోజూ కాసేపు పాడితే కొన్ని వారాల్లో చాలావరకు తిరిగొస్తుంది. పై స్వరాలు కొన్ని అందకపోవచ్చు, ఆల్టోకి వాటితో పని తక్కువ.

అంతకంటే దగ్గర్లో ఇంకోటి ఉంది, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఆ వాట్సాప్ గ్రూపులో ఆ పాట నోటికి వచ్చిన పదకొండు మంది, ఒక రాత్రి అల్లరి చేయడానికి టికెట్లు కొనుక్కుని రావడానికి సిద్ధంగా ఉన్నారు. అంత ఉత్సాహం ఉన్నవాళ్లని నెలకో ఆదివారం ఎవరింటి ముందుగదిలోనో కూర్చోబెట్టడం కష్టమా? గ్రూపులో "వద్దు" అని రాసేటప్పుడే దాని కిందే ఇది కూడా రాయండి, లేకపోతే ఒట్టి "వద్దు" ఎవరికీ రుచించదు. ఏడుగురు సొప్రానోల్లో ఇద్దరు మొహమాటానికైనా ఆల్టోకి దిగుతారు. టెనర్లు సర్దుకుంటారు.

మీరు రాసినదాంట్లో ఒక బేస్ ఆయన సంగతి ఉంది, గ్రూపులో గొడవలు పడలేక నిరుడు బయటికి వెళ్లిపోయారని. ఆయన నంబర్ మీ దగ్గర ఉండే ఉంటుంది. డైరెక్టర్‌కి ఉత్తరం రేపు రాయొచ్చు, ముందు ఆయనకి ఫోన్ చేయండి.